బంతితో బస్సెక్కిన ఓదెలు

ఓదెలు కాలికి ఒకసారి బంతి తగిలిందంటే ఇక అది ఇంకొకరి కాలికి తగలదు. అతని గొప్ప అదే. చిక్కూ అదే. గొప్ప సంగతి అతనికి తెలుసు, చిక్కు సంగతి తెలియదు.

గోదావరిఖని నుంచి హైదరాబాదు వచ్చి గోల్కొండ రేంజర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బులో చేరి రెండేళ్ళయింది. ఆ క్లబ్బుకు రెండు జట్లు. ఒకటి పెద్ద జట్టు. టీవీలో కనబడేదీ, దేశమంతా తిరిగి ఆడేదీ ఆ జట్టువాళ్ళే, పిల్లలు చొక్కాల వెనక అచ్చు వేయించుకునేదీ వాళ్ళ పేర్లే. రెండోది కుర్రాళ్ళ జట్టు. వాళ్ళు బొల్లారంలో రైలు పట్టాల పక్కనున్న మైదానంలో రోజూ తెల్లారగానే దుమ్ము తింటారు. ఏడాదికోసారి ఆ కుర్రాళ్ళలోంచి ఒకరిద్దరిని పెద్ద జట్టులోకి తీసుకుంటారు. ఇరవై ఏళ్ళు నిండినా పిలుపు రానివాళ్ళు బ్యాగు సర్దుకుని ఊరెళ్ళిపోవాలి.

ఓదెలుకు ఇరవై నిండటానికి నెలా పదిరోజులుంది.

వాళ్ళ నాన్న సింగరేణి గనిలో పనిచేస్తాడు. కొడుకు టీవీలో కనబడతాడని షిఫ్టులో అందరికీ చెప్పేశాడు. రెండేళ్ళుగా గనిలోకి దిగేటప్పుడు ఒకరు, పైకొచ్చేటప్పుడు ఇంకొకరు అడుగుతూనే ఉన్నారు. ఆదివారం ఫోను చేసినప్పుడు ఆయన ఏమీ అడగడు. "అన్నం మంచిగ పెడుతుండ్రా" అంటాడు. కాసేపు ఆగి, "మరి, ఏమన్న..." అని, తనే "ఏం లేదు బిడ్డా, ఊకెనే" అని పెట్టేస్తాడు.

పోయినేడు పెద్ద జట్టుకు ఇద్దరు వెళ్ళారు. ఆ ఇద్దరినీ ఓదెలు రోజుకు పదిసార్లు బోల్తా కొట్టించేవాడు. వాళ్ళు వెళ్ళారు, తను మిగిలాడు. ఈ లెక్క ఎంత ఆలోచించినా అతనికి తేలేది కాదు.

కుర్రాళ్ళకు ఆట నేర్పేది యాకూబ్ ఉస్తాద్. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు బాగా ఆడేవాడంటారు, ఆయన మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు. మోకాళ్ళు అరిగిపోయి మైదానం గీత పక్కనే ఇనుప కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ. ఆయన ఎవరినైనా తిట్టినట్టు ఎవరికీ గుర్తులేదు. పొగిడినట్టు అసలే గుర్తులేదు.

ఒకరోజు పొద్దున ప్రాక్టీసులో ఓదెలు నలుగురిని దాటాడు. ఒకణ్ణి ఎడమకు, ఒకణ్ణి కుడికి, మూడోవాణ్ణి కాళ్ళ మధ్యనుంచి, నాలుగోవాణ్ణి ఎట్లా దాటాడో తనకే తెలియదు. ఐదోవాడు బంతి తన్నుకుపోయాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ అవతల గోలుపోస్టు ముందు సాలొమోను ఒంటరిగా రెండు చేతులూ పైకెత్తి, వెళ్ళిపోతున్న బస్సును ఆపేవాడిలా నిలబడే ఉన్నాడు.

సాలొమోనుది బాపట్ల దగ్గర. ఆరడుగుల రెండంగుళాల మనిషి. గోలు కొట్టడం అతని పని. కొట్టేముందు మాత్రం కళ్ళు మూసుకుంటాడు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది.

"ఒరేయ్ ఓదెలూ, నేనక్కడ నిలబడీ నిలబడీ చేతులు లాగేశాయి రా. కాసేపుంటే కాకి వచ్చి వాలేది," అన్నాడు సాలొమోను నీళ్ళు తాగుతూ.

"నీకిస్తే రైలుకు కొడ్తవు."

"రైలుకి ఒక్కసారే కదా కొట్టాను."

"ఒక్కపారే. మిగిలినయన్ని దాటిపోయినయి."

సాలొమోను కాదనలేదు. అతనికి కోపం రావడం తక్కువ. అదొక్కటే ఓదెలుకు అతనిలో నచ్చని గుణం. పోట్లాడితే సగం బరువు దిగేది.

శనివారం నాడు పెద్ద జట్టు కోచ్ శేషాద్రి మ్యాచ్ చూడటానికి వస్తున్నాడనీ, ఆరోజే పేర్లు రాసుకుపోతాడనీ కబురు వచ్చింది. ఆ కబురు వచ్చింది బుధవారం నాడు. గురువారం పొద్దున్నే ఓదెలు ఉస్తాద్ కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఒకటి అడగాలె."

"అడుగు బేటా."

"నాకన్న మంచిగ బంతి ఆడేటోడు ఈడ ఎవడన్న ఉన్నడా? ఉంటే చెప్పుండ్రి, నేను అడుగుడు బంద్ చేస్త."

ఉస్తాద్ మైదానం వైపు చూశాడు. నిజంగానే ఒక్కొక్కరినీ తూచి చూసినట్టు కాసేపు చూశాడు. "లేడు," అన్నాడు.

ఓదెలు ఈ జవాబు ఊహించలేదు. దాంతో ధైర్యం ఎక్కువైపోయింది. "మరి నన్ను పైకి ఎందుకు పంపుతలేరు ఉస్తాద్? నా కాలికి బంతి అంటుకుంటది. ఎవడూ గుంజుకోలేడు. ఈడికెళ్ళి సికింద్రాబాద్ దాకా తీస్కపొమ్మన్నా తీస్కపోత."

"సికింద్రాబాద్ దాకా?"

"మోండా మార్కెట్ల తిరిగి రమ్మన్నా వస్త."

"మంచిదే," అన్నాడు ఉస్తాద్. "మోండా మార్కెట్లో నాకు పనుంది."

ఓదెలు ఆయన నవ్వుతాడేమో అని చూశాడు. ఉస్తాద్ నవ్వలేదు. గోలుపోస్టు వలలు ఎలకలు కొట్టేశాయనీ, మార్కెట్ వెనక సందులో లచ్చవ్వ అని చేపల వలలు అల్లే ఆమె వాటిని బాగుచేసి పెట్టిందనీ, శనివారానికి అవి కావాలనీ చెప్పాడు. కుర్చీ కిందున్న బంతిని కాలితో ముందుకు తోశాడు.

"దీన్ని తీసుకుని వెళ్ళు. దీన్ని తీసుకునే రా. చేత్తో ముట్టుకోకూడదు. సంచిలో వేయకూడదు. అంతే."

బొల్లారం బజారు దాకా అంతా హాయిగానే సాగింది. ఓదెలు బంతిని కుడికాలి నుంచి ఎడమకాలికి మార్చుకుంటూ, గుంతలు తప్పించుకుంటూ, ఈల వేసుకుంటూ నడిచాడు. ఒక కుక్క వెంటబడితే దాన్ని కుడికి నమ్మించి ఎడమకు పోయాడు. కుక్క కుడికే పోయింది. ఇరానీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు చూసి చప్పట్లు కొట్టారు. ఇంత సులువైన పని పెట్టినందుకు ఉస్తాద్ మీద జాలి కూడా వేసింది అతనికి.

బస్సు వచ్చింది.

బస్సుకు మెట్లుంటాయన్న సంగతి ఓదెలు అంతదాకా ఆలోచించలేదు. బంతిని పాదం మీదికి లేపి మెట్ల మీదుగా లోపలికి వేశాడు. లోపలి నుంచి "అవ్వో" అన్న కేక వినిపించింది. తను ఎక్కేసరికి బంతి ఒక మనిషి ఒళ్ళో ఉన్న సొరకాయకు తగిలి, ఆగి, సీటు కింద దూరింది. ఓదెలు వంగి దాన్ని కాలితో ఇవతలికి లాగి రెండు పాదాల మధ్య ఇరికించుకుని నిలబడ్డాడు. బస్సు నిండుగా ఉంది.

కండక్టరు వచ్చింది. నడివయసు మనిషి, చెవి వెనక పెన్ను. "ఏంది తమ్మీ అది?"

"బంతి అక్కా."

"కనబడుతున్నది. చేత పట్టుకో."

"పట్టుకోవద్దన్నరు."

"ఎవరు?"

"మా ఉస్తాద్."

ఆమె అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. తరువాత ఆమె ముఖంలో ఏదో అర్థమైన కళ వచ్చింది. గొంతు తగ్గించి, "మొక్కా?" అని అడిగింది.

ఓదెలుకు వివరంగా చెప్పే ఓపిక లేదు. "అసుంటిదే అక్కా."

"ముందుగాల చెప్పొద్దా మరి," అంది ఆమె. వెనక్కి తిరిగి బస్సంతటికీ వినబడేలా చెప్పింది. "జరగండి, జరగండి. పిల్లగాడు మొక్కుల ఉన్నడు. బంతిని చేత ముట్టొద్దంట."

వెనక సీటులోంచి ఎవరో, "దానికి టికెట్ కొట్టినవా అక్కా?" అన్నారు. "ఆడదైతే ఫ్రీయే," అన్నారు ఇంకెవరో. బస్సు నవ్వింది. ఓదెలు నవ్వలేదు. తల వంచుకుని బంతినే చూస్తూ నిలబడ్డాడు. ఎవరు నవ్వినా సరే, ఇంకో కాలు దానికి తగలనివ్వకూడదు.

అల్వాల్ దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు.

బంతి ఓదెలు పాదాల మధ్య నుంచి జారి, కాళ్ళ అడవిలోంచి దొర్లుకుంటూ బస్సు ముందుకు వెళ్ళిపోయింది. ఓదెలు దాని వెంట దూకాడు. మైదానంలో నలుగురిని దాటినవాడు బస్సులో ఒక్కరిని దాటలేకపోయాడు. ఇక్కడ కుడికి నమ్మించడానికి కుడి లేదు, ఎడమకు పోవడానికి ఎడమ లేదు. ఒకాయన కాలు తొక్కాడు. ఆయన తిట్టాడు. ఒకామె కొత్తిమీర బుట్టలో చెయ్యి పెట్టాడు. ఆమె ఇంకా పెద్దగా తిట్టింది. దూరాన బంతి డ్రైవరు సీటు వైపు పోతూ కనిపించింది. బ్రేకు కిందికి పోయిందంటే బస్సు, బస్సుతో పాటు తన బతుకూ ఏమవుతాయో ఓదెలు ఆలోచించలేకపోయాడు.

ముందు సీటులో ఒక ముసలవ్వ ఉంది. వెండి కడియం ఉన్న కాలు చాపి బంతిని ఆపింది. మడమతో తొక్కిపట్టి, వెనక్కి తిరిగి, "ఎవల్దే ఇది?" అంది.

"నాదే అవ్వా."

"మరి తీస్కపో."

"రానిస్తలేరు అవ్వా."

ఇద్దరి మధ్యా పదిహేనుమంది ఉన్నారు. ఓదెలు అటు చూశాడు, ఇటు చూశాడు. రెండేళ్ళలో ఎవరితోనూ అనని మాట అతి కష్టం మీద అన్నాడు.

"ఇటు ఇయ్యవ్వా."

అవ్వ తన్నింది. బంతి వంకరగా పోయి ఒక ఆఫీసు ఆయన బూట్లకు తగిలింది. ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే పక్కకు తోశాడు. అక్కడున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు దాన్ని ఒకరికొకరు ఇచ్చుకుని, కిసుక్కున నవ్వి, కొత్తిమీర ఆమెకు పంపారు. ఆమె ఇందాకటి కోపం ఇంకా పోలేదేమో గట్టిగా తన్నింది. బంతి ఓదెలును దాటి వెనక సీటు దాకా పోయింది.

వెనక సీటులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దాన్ని పాదం కింద పెట్టుకుని ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నాడు.

"ఇటు ఇయ్యుండ్రి తాతా."

"ఎటు?"

"ఇటే."

"నువ్వు ఆ లావుపాటాయన వెనక నిలబడి ఇయ్యి ఇయ్యి అంటే ఎట్ల ఇస్తరు? ఇచ్చేటోనికి కనబడాలె గదా. ఖాళీ చూసుకొని నిలబడు."

లావుపాటాయన నొచ్చుకుని చూశాడు. ఓదెలు ఇంకా ఎక్కువ నొచ్చుకున్నాడు. అయినా తలుపు దగ్గర కాస్త ఖాళీ ఉంటే అక్కడికి జరిగాడు. జరిగిన మరుక్షణం బంతి నేరుగా వచ్చి కాలికి తగిలింది.

"గట్ల," అన్నాడు తాత.

లోతుకుంటలో మళ్ళీ బ్రేకు పడింది. ఈసారి బంతి పోకముందే ఓదెలు తలెత్తి చూశాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరి కాళ్ళ ముందు జాగా ఉందో చూసి పెట్టుకున్నాడు. బంతి పోయింది. ఆఫీసు ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తిరుమలగిరి వచ్చేసరికి ప్రతి బ్రేకుకూ బస్సులో జనం కాళ్ళు సర్దుకుంటున్నారు. దిగాల్సిన స్టాపులో ఒకరు దిగలేదు. డ్రైవరు కావాలని రెండు బ్రేకులు ఎక్కువ వేశాడని తరువాత సాలొమోనుకు చెప్పినప్పుడు అతను నమ్మలేదు. అది మాత్రం నిజం.

మోండా మార్కెట్లో బంతి టమాటా బండి కింద దూరింది, ఉల్లిపాయల గుట్ట ఎక్కింది, ఒక మేక ముందు ఆగింది. మేక తప్ప అందరూ తిరిగి ఇచ్చారు. మేకను బతిమాలి బతిమాలి, చివరికి దాని యజమానిని బతిమాలి ఇప్పించుకున్నాడు.

లచ్చవ్వ వలలు బయటికి తెచ్చింది. రెండు వలలు, ఒక్కోటి పరుపు చుట్టంత ఉంది. ఆమె ఒకటి భుజం మీద వేసింది, రెండోది నెత్తి మీద పెట్టింది. అతనికి తన పాదాలు కనబడటం మానేశాయి.

"బంతిని వలల పెట్టుకొని ముడెయ్యరాదు బిడ్డా. హాయిగ పోతది," అంది లచ్చవ్వ.

ఓదెలు ఒక్క నిమిషం ఆలోచించాడు. ఉస్తాద్ సంచి అన్నాడు, వల అనలేదు. ఇక్కడ చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కాని ఇంతమంది తలా ఒక కాలు వేసి సాయం చేశాక, ఇప్పుడు ముడేసి తీసుకుపోతే వాళ్ళందరినీ మోసం చేసినట్టు అనిపించింది. ఉస్తాద్‌ను మోసం చేయడం కంటే కొత్తిమీర ఆమెను మోసం చేయడం అతనికి కష్టంగా తోచింది. అది ఎందుకో అతనికి తెలియలేదు.

"వద్దవ్వా. కొంచెం ముందుకు తన్నుండ్రి, చాలు."

వెనక్కి వచ్చేటప్పుడు అతను ఆడింది ఏమీ లేదు. నడిచాడు, అడిగాడు. "అన్నా, కొంచెం ముందుకు." "తాతా, ఎడమకు." చౌరస్తా దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు నెత్తి మీద వలలు, ముందు బంతి చూసి మొదట చలాను పుస్తకం తీశాడు. ఓదెలు సంగతి చెప్పాడు. కానిస్టేబులు పుస్తకం జేబులో పెట్టి, ఈల వేసి, నాలుగు వైపులా బండ్లు ఆపి, తన నల్లబూటుతో బంతిని అవతలి గట్టుకు తన్నాడు. అంత చక్కగా నేరుగా తన్నిన బంతి ఓదెలు ఆ రోజంతా చూడలేదు.

అదే బస్సు, అదే కండక్టరు. "ఇంక తీరలేదా తమ్మీ నీ మొక్కు?" అంది.

"వాపసు పోతున్న అక్కా. ఆఖరిది."

ఆమె కొత్తగా ఎక్కినవాళ్ళందరికీ నియమాలు చెప్పింది. డ్రైవరు అద్దంలో చూసి చెయ్యి ఊపాడు.

మైదానం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఉస్తాద్ కుర్చీలోనే ఉన్నాడు. ఓదెలు వలలు దించి, బంతిని కాలితో ఆయన ముందుకు తోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దారంతా ఒకటే అనుకుంటూ వచ్చాడు, అబద్ధం ఆడకూడదని.

"ఉస్తాద్, నేను చేత్తో ముట్టలేదు. కాని నా ఒక్కనితోని కాలేదు. వేరేటోళ్ళు ముట్టిండ్రు. నేనే ఇయ్యమని అడిగిన. ఓడిపోయిన."

"బంతి వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"ఎంతమంది ముట్టుకున్నారు?"

ఓదెలు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. అవ్వ, ఆఫీసు ఆయన, కాలేజీ అమ్మాయిలు ఇద్దరు, కొత్తిమీర ఆమె, రైల్వే తాత, లావుపాటాయన కూడా చివరికి ఒకటి తన్నాడు, టమాటా బండి ఆయన, లచ్చవ్వ, కానిస్టేబులు. రెండు చేతులూ అయిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి ముఖం గుర్తుకొస్తోంది. కొందరి ముఖాలు చూడనేలేదు, చెప్పులే గుర్తున్నాయి. ఉస్తాద్ తొందరపెట్టలేదు.

"ముప్పై నలుగురు," అన్నాడు చివరికి. "మేకను విడిచిపెట్టి."

ఉస్తాద్ కుర్చీ చేతుల మీద ఆనుకుని మెల్లగా లేచాడు.

"మన దగ్గర అంతమంది లేరు బేటా," అన్నాడు. "పదిమందే ఉన్నారు."

ఆ మాట అని తను నమాజుకు వెళ్ళిపోయాడు. ఓదెలు ఆ వలలు గోలుపోస్టులకు కట్టి, చీకటి పడకముందే హాస్టలుకు వెళ్ళాడు. ఆ రాత్రి సాలొమోనుకు బస్సు కథ అంతా చెప్పాడు. సాలొమోను మేక దగ్గర నవ్వి నవ్వి మంచం మీద నుంచి కింద పడ్డాడు.

శనివారం మ్యాచ్ వరంగల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళతో. శేషాద్రి వచ్చి ఉస్తాద్ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, ఒళ్ళో చిన్న నోటుబుక్కు. ఆయనతో మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం లేదు.

మొదటి ఇరవై నిమిషాలు ఓదెలుకు బస్సు సంగతే గుర్తు రాలేదు. బంతి దొరికింది, తల వంచాడు, ముగ్గురిని దాటాడు, పోగొట్టుకున్నాడు. మళ్ళీ దొరికింది, ఇద్దరిని దాటాడు, పోగొట్టుకున్నాడు. శేషాద్రి ఏదో రాసుకున్నాడు.

సగం ఆట అయ్యాక, ఎందుకో తల లేచింది. మైదానం ఎంత పెద్దదో అప్పుడు కనబడింది. బస్సుతో పోల్చుకుంటే ఇందులో ఎక్కడ చూసినా జాగానే. గోలు ముందు సాలొమోను రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఓదెలు ఇచ్చాడు.

ఓదెలు దగ్గర్నుంచి బంతి వస్తుందని సాలొమోను రెండేళ్ళుగా అనుకోలేదు. అందుకని సిద్ధంగా లేడు. బంతి అతని కాళ్ళ మధ్య నుంచి బయటికి పోయింది. "సారీ రా," అన్నాడు అక్కణ్ణించే.

పది నిమిషాలకు మళ్ళీ ఇచ్చాడు. సాలొమోను సిద్ధంగా ఉన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, శక్తికొద్దీ కొట్టాడు. అప్పుడే పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. బంతి మూతలేని ఒక పెట్టెలో పడి దానితో పాటే వెళ్ళిపోయింది. వరంగల్ కుర్రాళ్ళు కూడా చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని దాన్ని సాగనంపారు. ఇంకో బంతి తెప్పించారు.

ఓదెలు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ పూసలు తిప్పుకుంటూ గూడ్సు బండిని చూస్తున్నాడు. శేషాద్రి రాస్తూనే ఉన్నాడు. ఆదివారం ఫోను వస్తుంది. "అన్నం మంచిగ పెడుతుండ్రా" అని మొదలవుతుంది.

ఇంకో ఆరు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా బంతి అతని కాలికి వచ్చింది. ముందు ఇద్దరే ఉన్నారు. అలాంటి ఇద్దరిని అతను నిద్రలో కూడా దాటగలడు. వాళ్ళ వెనక గోలు. కుడి పక్కన సాలొమోను ఉన్నాడు. ఈసారి అతను చేతులు పైదాకా ఎత్తలేదు. సగమే ఎత్తాడు. కావాలంటే లేదనుకోవచ్చు అన్నట్టు ఎత్తాడు.

ఇద్దరూ ఓదెలు మీదికే వచ్చారు.

ఓదెలు ఇచ్చాడు.

సాలొమోను కొట్టాడో, బంతే వచ్చి అతనికి కొట్టుకుందో చూసినవాళ్ళెవరూ గట్టిగా చెప్పలేరు. అది మోకాలి కింద ఎముకకు తగిలి, నేలమీద మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు దొర్లుకుంటూ వెళ్ళింది. గోలుకీపరు అప్పటికే రెండో పక్కకు దూకేశాడు. బంతి గీత దాటి వలలో పడుకుంది. సాలొమోను కళ్ళు తెరిచి చూసి, ఎవరిని కావలించుకోవాలో తెలియక పక్కనున్న రిఫరీని కావలించుకున్నాడు.

అదొక్కటే గోలు. ఆట ముగిసింది.

కుర్రాళ్ళంతా నీళ్ళ దగ్గర గుమిగూడారు. శేషాద్రి చెయ్యి ఊపి ఓదెలును పిలిచాడు. ఓదెలు వెళ్ళి ఆ రెండు కుర్చీల ముందు నిలబడ్డాడు. శేషాద్రి నోటుబుక్కులో ఒక పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

"నీ పేరేనా ఓదెలు?"

"అవును సార్."

"ఆ పొడుగాయన రెండుసార్లు చెడగొట్టాడు. మూడోసారి నువ్వు నీ అంతట నువ్వే గోలు కొట్టొచ్చు. నీకా దమ్ముంది, చూశాను. మళ్ళీ అతనికే ఎందుకిచ్చావు?"

ఓదెలు ఉస్తాద్ ముఖంలో ఏమైనా దొరుకుతుందేమో అని చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అటు నీళ్ళ దగ్గర సాలొమోను మోకాలి కింద వాచిన చోటును అందరికీ చూపిస్తున్నాడు.

"వాడే ఖాళీగ ఉండె సార్," అన్నాడు ఓదెలు.

శేషాద్రి నోటుబుక్కు మూశాడు. సోమవారం పొద్దున ఆరింటికి పెద్ద జట్టు మైదానానికి రమ్మన్నాడు.